గుండుమల్లెకు ఎరువు పెట్టిన ఏడు

మల్లెచెట్టుకు ఎరువు పెట్టడం నాకు తెలిసినంతగా మా వీధిలో ఇంకెవరికీ తెలియదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు. ఇప్పటికీ ఎండలు ముదరగానే ఇరుగుపొరుగు వాళ్ళు గోడ మీదుగా మా పెరట్లోకి తొంగిచూస్తారు. "మా చెట్టుకు ఆకులే గానీ పూలు లేవు, మీరేం వేస్తారు?" అని అడుగుతారు. నేను వెంటనే చెప్పను. ముందు మీ చెట్టు మొదట్లో ఏమేం పోస్తున్నారో వరసగా చెప్పండి అంటాను. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది. ఈ ప్రశ్న నా సొంతం కాదు, మా నాయనది. ఆయన నన్ను ఈ ప్రశ్న అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ రోజు నాకు వచ్చినంత కోపం మళ్ళీ జన్మలో రాలేదు.

నేను పెళ్ళయి తిరుపతికి వచ్చింది డెబ్భైల చివర్లో. మా పుట్టిల్లు ఐరాల దగ్గర ఒక పల్లె. మా నాయన ఆ ఊళ్ళో చిన్న పెరుమాళ్ళ గుడిలో పూజ చేసేవాడు. గుడి మాన్యం అర ఎకరం ఉంటే దాని నిండా గుండుమల్లె పెట్టాడు. పొద్దున పూజ ముగించి పంచె ఎగ్గట్టి తోటలో దిగితే మళ్ళీ పొద్దుగూకే దాకా అక్కడే. గుడికి పోను మిగిలిన పూలు చిత్తూరు అంగళ్ళకు పోయేవి. అక్కడి పూలవాళ్ళు ఆయన గంప నేల మీద దించకముందే చేయి పెట్టేవాళ్ళని మా అమ్మ చెప్పేది. ఆయన మాత్రం ఏనాడూ చెప్పలేదు.

మా అత్తగారిల్లు వేరే తీరు. మామ గుడి ఆఫీసులో గుమాస్తా. మా ఆయన బళ్ళో లెక్కల అయ్యవారు. ఆ ఇంట్లో మన్ను అంటే నుదుట పెట్టుకునే తిరుమణి తప్ప వేరే మన్ను ఎవరికీ తెలియదు. అత్తకు మడి ప్రాణం. తడిబట్ట కట్టుకుని ఆమె వంటింట్లోంచి పూజగదికి పోతుంటే మేమంతా గోడలకు అతుక్కుని నిలబడేవాళ్ళం. మనసు చెడ్డది కాదు. నోరు మాత్రం ఉన్నదున్నట్టు అనేస్తుంది. నా నోరూ అంతే గనుక మాకు పొద్దుపోయేది.

పెళ్ళయిన ఏడాది వానలు మొదలవగానే మా నాయన తన తోటలోంచి వేళ్ళు దిగిన ఒక అంటు తెచ్చాడు. తడిగోనెలో చుట్టి, బిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని, ఐరాల నుంచి చిత్తూరుకు ఒక బస్సు, చిత్తూరు నుంచి తిరుపతికి ఇంకో బస్సు. మా పెరడంతా బండలు పరిచి ఉండేది. ఒక మూల కొబ్బరిచెట్టు, మధ్యలో తులసికోట, బావి పక్కన నాలుగు బారల మట్టి. ఆ మట్టిలోనే ఆయన అంటు నాటాడు. "ఇంటి పూలు పెరుమాళ్ళకు పెట్టుకోవచ్చు" అని అత్త కూడా సంబరపడింది. అప్పటిదాకా రోజూ సాయంత్రం గడప దగ్గరికి వచ్చే పూలామె దగ్గర మూరల్లెక్కన కొనేది.

ఇక్కడే తప్పు మొదలైంది. చేసినవాళ్ళకు అది తప్పని తెలియదు, నాకూ తెలియలేదు.

మా ఇంట్లో ప్రతి శుక్రవారం సాలగ్రామాలకు తిరుమంజనం, అంటే అభిషేకం. పాలు, పెరుగు, తేనె, బెల్లమూ అరటిపండూ పిసికిన పంచామృతం, పసుపునీళ్ళు, గంధం. అంతా అయ్యాక తీర్థం అందరూ పుచ్చుకుని, మిగిలినది ఎవరి కాలూ తగలని చోట పోయాలి. దేవుడి మీది నుంచి జారినదాన్ని తొక్కితే పాపం. అంతకుముందు అత్త దాన్ని గోడవతల ఖాళీ జాగాలో పోసేదట. ఆ జాగాలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు. తులసికోటలో పోయదు, పాలు పోస్తే చీమలు పట్టి తులసి చస్తుందని ఆమెకు బాగా తెలుసు. కనుక చెంబెడు తిరుమంజనం ప్రతి వారమూ మల్లె మొదట్లోకి పోయేది. అది గాక రోజూ వాడిన పూలు, తులసిదళాలు, పొంగలి గిన్నె కడిగిన నీళ్ళు, విరిగిన పాలు. తులసికి ఉన్న నియమం మల్లెకు ఎందుకు లేదని నేనైనా అడగలేదు. చెట్టుకు కూడా ప్రసాదం అందుతోందని లోపల్లోపల మురిసిపోయాను.

"యే జన్మలో ఏం పెట్టి పుట్టిందో ఈ చెట్టు" అనేది అత్త చెంబు వంచుతూ.

మొదటి ఎండాకాలం పూలు రాలేదు. పసిచెట్టు కదా అనుకున్నాం. రెండో ఎండాకాలానికి చెట్టు నా నడుము దాటి పెరిగింది. ఆకు ఒక్కొక్కటీ అరచేయంత, నల్లగా నిగనిగలాడేది. పువ్వు మాత్రం లేదు. మా ఆయన తోటి అయ్యవారిని అడిగి కాగితం పొట్లంలో యూరియా తెచ్చి రెండు దోసిళ్ళు మొదట్లో వేశాడు. ఆకులు ఇంకా పెద్దవయ్యాయి. మొదట్లో చీమలు బారులు తీరాయి. గడప దగ్గర పూలామె మూర కొలుస్తూ, "ఇంట్లో అంత చెట్టు పెట్టుకుని నా దగ్గర కొంటారేమమ్మా" అంది. అత్తకు అది చురుక్కుమంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తీర్పు చెప్పేసింది. "వచ్చే ఉగాది దాకా సూస్తాము. పూస్తే సరి. లేకుంటే పీకేసి ఆ జాగాలో బట్టలుతికే బండ వేసుకుందాము. బావి పక్కన బండ లేక నడుములు పడిపోతా ఉండాయి."

మామ తల ఊపాడు. న్యాయంగా చూస్తే ఆమె మాట తప్పు కాదు. బండ అవసరమే. బట్టలుతికేది నేనే గనుక నా నడుముకే ఎక్కువ అవసరం. కానీ ఆ చెట్టును పీకితే మా నాయన ఒళ్ళో పెట్టుకుని తెచ్చినదాన్ని పీకినట్టు. పల్లెలో ఆయన చేయి పడితే పూయని మల్లె లేదు. తిరుపతిలో వియ్యపురాలి ఇంట్లో ఆయన చెట్టు గొడ్డుపోయిందంటే ఆ మాట నేను పడలేను. ఉగాదికి నాకు కావలసింది పట్టుచీర కాదు, ఒక్క మల్లెపూవు.

ఆ కార్తీకంలో మా నాయన వచ్చాడు. తోటలో పని చేస్తూ చేస్తూ అటునుంచి అటే బస్సెక్కినట్టున్నాడు. బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చాడు. అత్త మడిలో ఉంది. విస్తళ్ళు వేస్తూ ఆయన చేతుల వైపు చూసింది.

"అన్నా, చేతులు ఇంకొక తూరి కడుక్కొని రాండి. గోళ్ళల్లో మన్ను అట్లే ఉండాది."

తిరిగి వెళ్ళి కొబ్బరిపీచుతో తోముకుని వచ్చాడు. అది తోమితే పోయే మన్ను కాదు. నలభై ఏళ్ళ మన్ను గోటి కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. విస్తరి ముందు కూర్చుని వేళ్ళు లోపలికి ముడుచుకుని, గోళ్ళు కనపడకుండా అన్నం కలుపుకున్నాడు. అత్త కావాలని అన్న మాట కాదని నాకు తెలుసు. మామ చేతులు మురికిగా ఉన్నా అలాగే అనేది. అయినా ఆ ముడుచుకున్న వేళ్ళు చూసి నాకు కళ్ళు మండిపోయాయి. నోరు తెరిచి ఉంటే ఆ రోజే ఆ ఇల్లు రెండు ముక్కలయ్యేది. పళ్ళు బిగబట్టి వడ్డించాను.

తిన్న తర్వాత ఆయన పెరట్లోకి నడిచాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆకు తుంచి చూశాడు. "పాపా, దీని మొదట్లో ఏమేమి పోస్తా ఉండారు? వరసగా చెప్పు" అన్నాడు.

చెప్పాను. పాలు, పెరుగు, తేనె, బెల్లం, అరటిపండు, పొంగలి నీళ్ళు, యూరియా. ఆయన వింటూ వింటూ తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలు చూసి తెలుసుకున్నాను.

"చంటిబిడ్డకు గూడ ఇన్ని పాలు తాపరు గదమ్మా. ఇది చెట్టు. దీనికి విందు పెట్టి పెట్టి కడుపు చెడగొట్టినారు."

పుల్లతో మొదట్లో తవ్వి చూపించాడు. మట్టి జిగటగా, నల్లగా, పుల్లటి వాసనతో ఉంది. దాని మీద తెల్లగా బూజు. చీమలు పరుగులు పెట్టాయి. నాకు సిగ్గేసింది. గుండుమల్లె తోటలో పుట్టి పెరిగినదాన్ని, ఆ వాసన ఇన్నాళ్ళూ నా ముక్కుకు ఎందుకు తగల్లేదో తెలియదు. ఇంట్లో పూలు కట్టడం నేర్చుకున్నాను గానీ ఎరువు పని ఎప్పుడూ ఆయనే చూసుకునేవాడు.

"చెట్టుకు నోరు యాడుండాది?" అని అడిగాడు.

మొదలు చూపించాను.

"ఆడ కాదు. అది నడుము. నడుముకు అన్నం పూస్తే కడుపు నిండతాదా? నోళ్ళు వేళ్ళ కొసల్లో ఉంటాయి. మిట్టమధ్యాన్నం సూడు, చెట్టు నీడ యాడిదాకా పడతాదో ఆడ ఉంటాయి. ఆ అంచుమ్మటి గుండ్రంగా జానెడు లోతు కాలవ తీసి ఆడ పెట్టాల. మొదటికి ఏదీ తగలకూడదు, ఎరువైనా సరే, పాలైనా సరే."

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా నేను గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను. ఎరువు కంటే ముందు ఆకలి పుట్టించాలన్నాడు. ధనుర్మాసం మొదలైన రోజు నుంచి చుక్క నీళ్ళు పోయకూడదు. ఆకు వాడి రాలాలి. నెల తిరిగేలోపు మోకాటి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు కూడా దూసెయ్యాలి. నీడ అంచున కాలవ తీసి నాలుగు రోజులు వేళ్ళకు ఎండ తగలనివ్వాలి. అప్పుడు బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, గానుగలో నూనె తీయగా మిగిలిన చెనక్కాయ చెక్క ఐదు రోజులు నానబెట్టి పలచగా కలిపిన నీళ్ళు, కట్టెలపొయ్యి బూడిద నాలుగు దోసిళ్ళు. పైన మట్టి కప్పి అప్పుడు నిండుగా నీళ్ళు.

"యూరియా?" అన్నాను.

"అది ఆకుల మందు. నీకు ఆకులు కావాలంటే యెయ్యి. మొగ్గకు బూడిద కావాల. మీ పొయ్యిలో రోజూ గంపెడు బూడిద వస్తాది, దాన్ని బయట పారబోసి, కడుపు నిండినదానికి పాలు పోస్తా ఉండారు."

సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. గోళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఈ చెట్టును పూయించి తీరాలని, ఆ పూలు ఇదే ఇంట్లో పెరుమాళ్ళ మెడలో పడాలని ఆయన వెనక వీధి మలుపు దాకా నడుస్తూ మొండిగా అనుకున్నాను.

ధనుర్మాసం వచ్చింది. నీళ్ళు ఆపేశాను. వారానికే ఆకులు వాలిపోయాయి. అత్త వాలిన కొమ్మను చేత్తో ఎత్తి పట్టుకుంది.

"పుణ్యమాసంలో పచ్చని చెట్టును ఎండబెడతా ఉండావే, పాపం కాదామ్మే?"

"మా నాయన చెప్పినాడత్తా."

"మీ నాయన తోటలో చేసుకోమను. ఇది పెరుమాళ్ళ ఇల్లు."

అయినా ఊరుకుంది. కానీ శుక్రవారం ఊరుకుంటుందా? తిరుమంజనం ముగించి, మడిబట్టతో, చెంబు పట్టుకుని నేరుగా మల్లె దగ్గరికి నడిచింది. నేను బావి దగ్గర బట్టలు పిండుతున్నాను. వద్దత్తా అన్నాను. వినలేదు. ఆ చెంబు వంగిందంటే పదిరోజుల ఎండగట్టడం గంగలో కలిసినట్టే. మైలబట్టలు పిండుతున్న చేతులతో పరుగున పోయి ఆమె చేతిలో చెంబు లాక్కున్నాను.

మడి పోయింది. పెరుమాళ్ళ తీర్థం చెంబు మైలపడింది. ధనుర్మాసం శుక్రవారం. ఆమె నా మొహంలోకి చూసి, బావి దగ్గర కుండెడు చన్నీళ్ళు తలమీద గుమ్మరించుకుని మళ్ళీ మొదటి నుంచి వంట మొదలుపెట్టింది. ఆ రోజు ఇంట్లో అందరం మధ్యాహ్నం రెండు దాటాక తిన్నాం. ఆ పూట నుంచి అత్త నాతో మాట్లాడడం మానేసింది. ఉప్పు అందించాలంటే గోడతో చెప్పేది. మా ఆయన లెక్కల అయ్యవారు గనుక అటూ ఇటూ సమానంగా మౌనం పాటించాడు.

తప్పు నాదే. చెట్టు విషయంలో కాదు, చెంబు విషయంలో. ఆమె బాధ ఆ నీళ్ళు ఎక్కడ పోయాలనేది. నా గొడవలో పడి నేను ఆ మాట ఆలోచించనే లేదు. పోయొద్దు అన్నాను గానీ ఎక్కడ పోయాలో చెప్పలేదు. మరుసటి గురువారం కొబ్బరిచెట్టు వెనక మూలలో మోకాటి లోతు గుంత తవ్వాను. కొబ్బరిచెట్టు ఎంత పోసినా తట్టుకుంటుంది, పైగా అది ఎవరూ నడవని మూల. చుట్టూ రాళ్ళు పేర్చి, పగిలిన బండముక్క మూతగా పెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టాను.

"అత్తా, ఈడ పోయండి. వాడిన పూలు గూడ ఈడనే వేయండి. యెవురి కాలూ తగలదు. యేడాదికి మగ్గి మన్నయితే ఆ మన్నే పెరుమాళ్ళ మల్లెకు పెడతాను."

ఆమె శుక్రవారం చెంబుతో వచ్చి, గుంతనూ నన్నూ చూసి, మూత నన్నే తీయమన్నట్టు నిలబడింది. తీశాను. పోసి వెళ్ళిపోయింది. మాట మాత్రం లేదు.

సంక్రాంతికి రెండు రోజుల ముందు కొడవలితో చెట్టును నరికాను. మోకాటి ఎత్తున నాలుగు మోడులు మిగిలాయి. ఆఫీసు నుంచి వచ్చిన మామ చూసి, "ఉగాదిదాకా యెందుకు, నువ్వే పీకేసినావే" అన్నాడు. కాలవ తీసి వేళ్ళు ఎండబెట్టాను. చివికిన ఎరువు పాలవాళ్ళ ఇంటి నుంచి నేనే గంపతో మోసుకొచ్చాను. అయ్యవారి పెళ్ళాం నెత్తిన పేడగంపతో పోతోందని వీధిలో చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వమన్నాను. మా ఆయన స్నేహితుడొకడు ఎముకల పొడి వేస్తే పూలు బాగా వస్తాయని చెప్పాడట. ఆ మాట మా ఆయన నా చెవిలో గుసగుసగా చెప్పి, అత్త వినలేదు కదా అని నాలుగు వైపులా చూశాడు. ఆ ఇంట్లో అలాంటి పొడి గడప దాటితే చెట్టు సంగతి దేవుడెరుగు, మేమిద్దరం వీధిలో ఉండేవాళ్ళం.

చెనక్కాయ చెక్క నానబెట్టిన కుండ మాత్రం మా పరువు తీసింది. మూడో రోజుకు ఆ కంపు పెరడు దాటి వీధి దాకా పోయింది. మామ ఆఫీసు నుంచి రాగానే ప్రతి గదిలోనూ సాంబ్రాణి వేయసాగాడు. నన్ను పొమ్మనలేక పొగబెడుతున్నాడేమో అనిపించింది. ఐదో రోజు ఆ నీళ్ళు పది చెంబుల నీళ్ళలో కలిపి నీడ అంచున కాలవ నిండా పోశాను. ఎరువు, బూడిద వేసి మట్టి కప్పాను. అప్పుడు నీళ్ళు. నెలకు పైగా దాహంతో ఉన్న నేల ఆరు బిందెలు తాగింది.

తర్వాత చేసేది ఏమీ లేదు, కాచుకోవడమే. మోడుల మీద ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి, లేత ఆకులయ్యాయి. నేను రోజుకు పదిసార్లు పోయి చూసేదాన్ని. ఆకులు, ఆకులు, మళ్ళీ ఆకులు. ఉగాది ఇరవై రోజులుందనగా టైరుబండి మీద బట్టలుతికే బండ వచ్చేసింది. మామ ముందే చెప్పి పెట్టాడట. నలుగురు మోసుకొచ్చి బావి గోడకు ఆనించి పోయారు. నల్లటి గట్టి రాయి, చక్కగా చెక్కారు. చెట్టుకు రెండు అడుగుల దూరంలో నిలబెట్టారు దాన్ని. ఆ రాయిని చూస్తే నాకు అన్నం సహించేది కాదు. ఒకవేళ పూయకపోతే మా నాయనకు ఏమని జాబు రాయాలో మనసులో వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. ఏ వాక్యమూ కుదరలేదు.

ఒక పొద్దున నేను వంటింట్లో ఉండగా పెరట్లోంచి పిలుపు వినపడింది.

"ఏమ్మే, ఈడ రా."

రెండు నెలల పైన అయింది ఆ గొంతు నన్ను పిలిచి. చేతిలో గరిటె అలాగే పట్టుకుని పోయాను. అత్త స్నానానికి ముందు పాతచీరలో, మల్లె ముందు వంగి నిలబడి ఉంది. ఒక కొమ్మ కొసను వేలితో తాకీ తాకనట్టు చూపిస్తోంది.

"ఇది చిగురా, మొగ్గా?"

వంగి చూశాను. బియ్యపుగింజంత, ఆకుపచ్చగా, మూడు కలిసి ఉన్నాయి. పక్క కొమ్మకు ఇంకో మూడు. దాని పక్కన ఐదు.

"మొగ్గత్తా" అన్నాను.

"నేను నిన్ననే అనుకున్న్యా" అంది ఆమె. నిన్ననే చూసి రాత్రంతా దాచుకుందన్నమాట. నేను రోజుకు పదిసార్లు చూస్తుంటే, నాకు తెలియకుండా ఆమె ఎన్నిసార్లు చూసేదో.

ఉగాదికి నాలుగు రోజుల ముందు మొదటి పూలు విచ్చాయి. తర్వాత ఇక ఆగలేదు. సాయంత్రం మొగ్గలు కోస్తే చేట నిండేది. గుండ్రంగా, బరువుగా, చిత్తూరు అంగడిలో గంప దింపనివ్వని ఆ పూలే. పూలామె మా గడప ముందుకు రాగానే నవ్వి, ఆగకుండా పోవడం మొదలుపెట్టింది. బండను మామ బావికి అవతలి పక్క వేయించాడు. సాయంత్రాలు నేను ఆ బండ మీదే కూర్చుని పూలు కట్టేదాన్ని. వీధిలో ఎవరైనా చెట్టు గురించి అడిగితే అత్త నాకంటే ముందు అందుకునేది. "ఎరువు మొదట్లో వేయకూడదమ్మా, నీడ అంచున వేయాల. చెట్టుకు నోరు ఆడుంటాది" అని పుట్టినప్పటి నుంచి తెలిసినట్టు చెప్పేది. నేను పక్కన నిలబడి వినేదాన్ని. ఒళ్ళంతా గర్వంతో పొంగిపోయేది. మా నాయన మాట ఆ ఇంట్లో ఆమె నోటి వెంట వస్తోంది మరి.

మొదటి పూత తగ్గాక రెండోసారి ఎరువు పెట్టాలి. ఆ సంగతి అత్తకు చెప్పానే గానీ నాకు పని తెమల్లేదు. ఈలోగా అత్త మామ చేత మా నాయనకు కార్డు రాయించింది. ఒకసారి వచ్చి చెట్టు చూసి పొమ్మని.

ఆయన పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేశాడు. తలుపు తీసి ఆయన వెనకే పెరట్లోకి వెళ్ళాను. అక్కడ అత్త, చీర చెంగు నడుముకు దోపుకుని, నేల మీద కూర్చుని గునపంతో కాలవ తీస్తోంది. ముందురోజు మిట్టమధ్యాహ్నం ఆమె ముగ్గుపిండితో ఏదో గీస్తుంటే కోలం అనుకున్నాను. కాదు, చెట్టు నీడ అంచు వెంబడి గీత పెట్టుకుంది. ముగ్గు వేసిన చేయి గదా, గీత చక్రంలా కుదిరింది. ఆ గీత మీదనే జానెడు లోతు తవ్వుతోంది. మా నాయనను చూసి గబుక్కున లేచింది.

"రాండన్నా. కాఫీ ఇయ్యమ్మే ఆయనకు. నేను నీళ్ళు పోసుకొని వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది. మా నాయన వంగి, కాలవ లోతు చూసి, దూరం చూసి, నా తల మీద చేయి వేశాడు.

పూజ అయ్యాక మామ పెరుమాళ్ళ మీది మల్లెమాల తీసి తెచ్చాడు. ఆ ఇంట్లో ఆ మాల ఎవరి మెడలోనైనా వేయడం నేను అంతకుముందు ఒకే ఒకసారి చూశాను, మామకు చదువు చెప్పిన గురువు వచ్చినప్పుడు. "వొంగు బావా" అన్నాడు మామ. మా నాయన వంగాడు. మాల మెడలో పడ్డాక దాన్ని ఎత్తి వాసన చూసి, ఒక పువ్వు రేకులు వేలితో విప్పి, "వచ్చే యేడు ఇంగొక గంప ఎరువు పడితే ఇంకా బాగుంటాది" అన్నాడు. ఆయన అంతే. నాకు మాత్రం కళ్ళు తుడుచుకోవడానికి పమిట చాలలేదు.

తర్వాత అందరికీ తీర్థం ఇస్తూ అత్త ఆయన ముందు ఆగింది. ఉద్ధరిణి పట్టుకున్న తన చేతిని తనే చూసుకుంది. తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, చింతపండుతో తోమి తోమి కడిగినట్టుంది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. గోళ్ళ కింద మాత్రం నల్లటి గీత అలాగే ఉంది.

"ఎంత కడిగినా పోలేదన్నా" అంది మెల్లగా, ఆయన మొహంలోకి చూడకుండా.

మా నాయన తీర్థం కోసం అరచేయి చాపాడు. "పోదులేమ్మా. నాకు ఇన్నేండ్లుగా పోలేదు" అన్నాడు.

ఆమె నవ్వింది, ఆయనా నవ్వాడు. తీర్థం పోసింది. ఆ పూట మా నాయన వేళ్ళు ముడుచుకోకుండా, చేయి నిండుగా చాచి అన్నం తిన్నాడు.